ఎడమ ఇంజన్

3 జూలై 2024, బుధవారం

డ్యూటీ నుంచి వచ్చేసరికి ప్రేమ్ మా ఖరగ్‌పూర్ ఇంటి వరండాలో కూర్చుని ఉన్నాడు. ఒక్క బ్యాగు. కబురు లేదు, ఫోన్ లేదు. పది రోజులు సెలవట. కలకత్తాలో ఒక చిన్న ఎయిర్‌లైన్‌లో మెయింటెనెన్స్ ఇంజనీరు మా తమ్ముడు. వాడు సంతకం పెడితేనే విమానం లేస్తుంది. ఆరేళ్ళలో వాడికి వరసగా రెండు రోజులు సెలవు దొరికింది లేదు. ఫోన్ బోర్లా పెట్టుకుని అన్నం తిన్నాడు.

అక్కని కదా, నమ్మలేదు నేను.

5 జూలై

ఫోన్ మోగితే సందు చివరికి వెళ్ళి మాట్లాడుతున్నాడు. పాల ప్యాకెట్ వంకతో నేనూ వెళ్ళాను. "థోడా టైమ్ దీజియే సార్" అని హిందీలో గడువు అడుగుతున్నాడు. నన్ను చూసి ఆపేశాడు.

"ఎవరో పిల్ల ఉన్నాదేమోనే" అంటుంది అమ్మ. పిల్లని ఎవరూ సార్ అనరు.

7 జూలై, ఆదివారం, సాయంత్రం 4

అమ్మ రథయాత్రకి వెళ్ళింది. వాడు క్షవరానికి ఖరిదా బజారుకి వెళ్ళాడు. సిగ్గు విడిచి రాస్తున్నాను, వాడి బ్యాగు వెతికాను.

షేవింగ్ డబ్బాలో చిన్న ప్లాస్టిక్ కవరు. అందులో మడిచిన టిష్యూ. మత్తుమందేమో అనుకున్నాను.

విప్పితే ఇనుప ముక్కలు. నూనె జిడ్డుతో, గోటి చివరంత ఉన్నాయి. ఒక వైపు అద్దంలా నున్నగా, రెండో వైపు గరుకుగా.

రైల్వే వర్క్‌షాపు రోలర్ బేరింగ్ సెక్షన్‌లో పదకొండేళ్ళుగా చేస్తున్నాను. అరుగుదలకి వచ్చేది బూడిదలాంటి పొడి. దానికి ఎవరూ భయపడరు. ఇది పొడి కాదు. బేరింగ్ ఒంటి మీది చర్మం ఊడుతోంది. బోగీ కింద ఇలాంటిది దొరికితే ఆ చక్రాన్ని గేటు దాటనివ్వం.

నూనె వాసన మాత్రం మా షాపుది కాదు.

అదే రోజు, రాత్రి 8

అడిగేశాను. బ్యాగు ఎందుకు ముట్టుకున్నావని కూడా అనలేదు. చెప్పాడు.

రెండు ఫ్యాన్ల విమానం, డెబ్బై సీట్లు. ఎడమ ఇంజన్ గేర్‌బాక్సు నూనెలో ఒక అయస్కాంతం ఉంటుంది. ఇనుప ముక్కలు దానికి అంటుకుంటే కాక్‌పిట్‌లో లైటు వెలుగుతుంది. ఫిబ్రవరి నుంచి మూడుసార్లు వెలిగింది. మూడుసార్లూ తుడిచి, ఇంజన్ తిప్పి చూసి, పొడి అని రాసి పంపేశారు. మూడోసారి, జూన్ 28న, వీడు సంతకం పెట్టనన్నాడు. మేనేజర్ ఇంకొకడి చేత పెట్టించాడు. వీడిని సెలవు మీద వెళ్ళమన్నాడు. ఆ టిష్యూ వీడు చెత్తబుట్టలోంచి తీశాడు.

"ఆ విమానం ఆపినారా?" అన్నాను.

"లేదప్పా. రోజుకి ఆరు ట్రిప్పులు."

8 జూలై

ఆ విమానం నంబరు ఫోన్‌లో వెతికాను. ఇప్పుడు గాలిలో ఉంది.

9 జూలై

మేనేజర్ నిన్న మళ్ళీ ఫోన్ చేశాడట; ఆ రోజు సందు చివర సార్ అన్నదీ అతన్నేనట. నోరు మూసుకుంటే గౌహతిలో పెద్ద పోస్టు ఇస్తాడట. ప్రేమ్ నాకు ఇవాళ చెప్పాడు. నిన్న సాయంత్రమంతా నా పక్కనే కూర్చుని టీవీ చూశాడు.

ఆ ముక్కలు నిజం బయటపెట్టడానికి తెచ్చాడా, బేరం ఆడడానికి తెచ్చాడా? సొంత తమ్ముడి గురించి ఇలా అనుకుంటున్నాను. అనుకోకుండా ఉండలేకపోతున్నాను.

10 జూలై

ఢిల్లీ ఏవియేషన్ ఆఫీసుకి మెయిల్ రాసి చూపించాడు. బాగా రాశాడు. లాగ్‌బుక్ పేజీల ఫోటోలు రెండు పెట్టాడు. మూడుసార్లు కదా, మొదటిది ఏదీ అన్నాను. దొరకలేదన్నాడు. నా ముఖం చూడకుండా అన్నాడు.

"ఆ ల్యాప్‌టాప్ ఇలాగియ్యి" అన్నాను. ఇచ్చాడు. మూడో ఫోటో అందులోనే ఉంది. ఫిబ్రవరి 16, ఉదయం ఆరుంపావు. 'పొడి మాత్రమే. శుభ్రం చేయడమైనది. విమానం ఎగరవచ్చు.' కింద సంతకం ప్రేమ్‌కుమార్‌ది.

"నీ సంతకం దాసేసి ఎదుటోడి సంతకం పంపుతావేటిరా?"

"లైసెన్సు పోద్దప్పా. మేనేజర్ నెత్తి మీద నిలబడి పెట్టించినాడు. నానేటి సెయ్యను?"

"ఎక్కినోళ్ళకి అది తెల్దు కదరా" అన్నాను.

అన్నం ముందు నుంచి లేచిపోయాడు. అమ్మ ఏటైనాదని నన్ను అడిగింది. వాడి కంచం మీద మూత పెట్టాను.

11 జూలై, ఉదయం 6.20

మూడు ఫోటోలూ పెట్టి వాడే పంపాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. వాడు మొహం కడుక్కోడానికి వెళ్ళగానే నిజంగా వెళ్ళిందా లేదా అని మళ్ళీ తెరిచి చూశాను. వెళ్ళింది.

చూసినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా చూశాను.

19 జూలై

విమానం ఆపేశారు. గేర్‌బాక్సు విప్పారట. ఒక బేరింగ్ చేప పొలుసుల్లా లేచిపోయి ఉందట. ఇంకెన్ని ట్రిప్పులు ఆగేదో చెప్పలేమన్నారట. అక్కడి స్నేహితుడు ఫోన్‌లో చెప్తుంటే ప్రేమ్ గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. పక్కనే కూర్చున్నాను.

2 ఆగస్టు

మొన్న ఢిల్లీ విచారణ నుంచి వచ్చాడు. లైసెన్సు ఆరు నెలలు సస్పెండ్. మేనేజర్ మీద, ఆ రెండో ఇంజనీరు మీద విచారణ నడుస్తోంది. గౌహతి పోస్టు మాట ఇంక ఎవరూ ఎత్తరు.

"తమ్ముడి నోటికాడ కూడు తీసేసినావు" అంది అమ్మ. రెండు రోజులుగా నాతో మాటల్లేవు. ప్రేమ్ మాత్రం "అప్పని ఏటీ అనకు" అన్నాడట.

9 ఆగస్టు

విచారణలో ఇచ్చిన వాంగ్మూలం కాపీ ప్రేమ్ నా చేతికిచ్చి బయటికి వెళ్ళాడు. ఫిబ్రవరి 16న ఎందుకు సంతకం పెట్టారని అడిగారు. ఆ రోజు మేనేజర్ డ్యూటీలోనే లేడట. హ్యాంగర్‌లో వీడొక్కడే. 'ఖరగ్‌పూర్ లోకల్ తప్పిపోతుందని' అని జవాబిచ్చాడు.

ఆ రోజు నాన్న తద్దినం. పంతులు పన్నెండు దాటితే ఉండడు, వేగిరం రా అని తెల్లారకుండా మూడుసార్లు ఫోన్ చేసింది నేనే.