‘మగ్గం గది’లో ఒక్క అడుగూ కొయ్యను

1974 జూన్ 13, గురువారం

రేపే మా హాల్లో సాంబమూర్తి బొమ్మ! కాలేజీలో నా పక్కన కూర్చున్నవాడు. పెడన నేతగాళ్ల ఇంటి పిల్లవాడు మద్రాసు వెళ్లి డైరెక్టరయ్యాడు. మొదటి సినిమా, ‘మగ్గం గది’. పొద్దున్నే ఫోన్ చేశాడు.

“ఒరేయ్ సంజీవూ, మీ బెజవాడ హాళ్లవాళ్లు బొమ్మకి క్షవరం చేసి వదుల్తారటగా?”

“నేను మేనేజరుగా ఉండగానా! ఒక్క అడుగు రీలు కొయ్యనివ్వన్రా. మరియమ్మ తోడు!”

కేబిన్లోంచి కత్తెర తెచ్చి నా సొరుగులో పెట్టి తాళం వేశాను. ఆపరేటరు ఆమోసు నవ్వాడు. నవ్వనీ.

జూన్ 14, శుక్రవారం

మ్యాట్నీ చూశాను. ఏం తీశాడు!

కొత్త కోడలు. అత్తారింట్లో తాళం వేసిన మగ్గం గది. రోజూ అందులోంచి టకటకమని చప్పుడు. దెయ్యం ఎక్కడా కనిపించదు. ఆ పిల్ల దీపం ముందు కూర్చుని వింటుంది. వింటూనే ఉంటుంది. హాలంతా ఊపిరి బిగపట్టి ఆమెతో పాటు విన్నది. బాల్కనీలో ఒకాయన సోడా నోటి దాకా ఎత్తి అలాగే పట్టుకున్నాడు. ఆఖర్న డాక్టరు వచ్చి గుట్టు విప్పుతాడు. నిద్రలో లేచి నేసేది ఆ కోడలే!

శభాష్ సాంబా! దీన్ని ఎవడైనా కోస్తాడా?

జూన్ 15, శనివారం

ఓనరు వెంకటకృష్ణారావు గారు వచ్చారు.

“ఏమయ్యా సంజీవరావూ, ఆ పిల్ల అట్టా కూచుని వింటానే ఉందేంటయ్యా? ఫస్ట్ షో వదిలేటప్పటికి గుడివాడ బస్సు ఎల్లిపోతంది. జనం మధ్యలో లేచిపోతన్నారు.”

వాదించాను. గట్టిగానే వాదించాను. ఆయన కాఫీ తాగడం పూర్తయ్యే దాకా.

సొరుగులోంచి కత్తెర తెచ్చి, కూర్చుని వినే సీను సగం తీసేశాం. పారెయ్యలేదు సుమా! బిస్కెట్ల డబ్బాలో భద్రంగా పెట్టించాను. కాబట్టి ఇది కోత కాదు, దాచడం.

జూన్ 16, ఆదివారం

చర్చిలో పూజ నుంచి నేరుగా హాలుకి వచ్చాను. కోడలు నిద్ర లేచి తన కాళ్లు చూసుకుంటుంది. పాదాలు కమిలి, వేళ్లకి దారప్పోగులు చుట్టుకుని ఉంటాయి. సరిగ్గా అక్కడ ఒక చంటిపిల్ల కేరుమంది. తల్లి బయటికొచ్చి నన్ను పట్టుకుంది.

“పిల్లలున్నోళ్లు రావొద్దాండీ మీ హాలుకి?”

ఆ సీను కూడా దాచాం. ఆదివారం కదా, పిల్లలు ఎక్కువ. రేపు మళ్లీ అతికించేస్తాం.

జూన్ 17, సోమవారం

అతికించలేదు. ఫిల్ము ముక్కలు అతికించే సిమెంటు సీసా ఎండిపోయిందట.

అసలు సంగతి రాస్తాను. ఇవాళ ఇంట్లో మా ఆవిడ తెరేసమ్మ చింతచిగురు, రొయ్యలు వండింది. ఆట తొందరగా వదిలితేనే వేడివేడిగా తినొచ్చు. అందుకని వినే సీనులో మిగిలిన సగం కూడా తీయించాను. ఓనరు చెప్పలేదు, జనం అడగలేదు, నేనే!

ఆమోసు ముక్కని చుట్ట చుట్టి డబ్బాలో వేశాడు. డబ్బా మూత నొక్కి పెట్టాడు.

రొయ్యలు బాగున్నాయి.

జూన్ 18, మంగళవారం

ఘోరం.

మ్యాట్నీలో మగ్గం గది తలుపు తెరుచుకోగానే హాలంతా గొల్లున నవ్వింది! “దెయ్యానికి ఓవర్‌టైమ్ ఇయ్యండ్రోయ్!” అని నేల క్లాసులోంచి కేక. నేను గేటు దగ్గర నిలబడ్డాను. జనంలోంచి సాంబమూర్తి వచ్చాడు. చెప్పకుండా వచ్చి వెనక వరసలో కూర్చున్నాడట. పక్కన వాళ్లమ్మ భద్రమ్మ గారు.

“బాగా నవ్వించావురా అబ్బాయ్,” అంటోంది ఆవిడ కళ్లు తుడుచుకుంటూ. “ఈ గోలలో డాక్టరు మాటలు వినపళ్లేదు. ఇంతకీ నేసిందెవరు? అత్తగారా?”

వాడి మొహంలో నెత్తురు లేదు. ఆవిడ మంచినీళ్లకి వెళ్లగానే అన్నాడు.

“నాకు చేతగాలేదురా సంజీవూ. మద్రాసు మానేస్తా. పెడన పోయి నేసుకుంటా.”

చిత్తుగా కొట్టినా ఇంత బాధ ఉండేది కాదు. కేబిన్‌కి తీసుకెళ్లి డబ్బా వాడి ఒళ్లో పెట్టాను. మూత తీశాడు. ఒక ముక్క కిటికీ వెలుతురుకి పెట్టి చూశాడు, ఇంకోటి చూశాడు. తిడతాడనుకున్నాను. పకపకా నవ్వాడు!

“వెధవా! భయమంతా మూటగట్టి దీంట్లో పెట్టావురా! ఖాళీ ఇల్లు చూపిస్తే నవ్వరూ?”

ఆమోసు కొత్త సీసా తెచ్చాడు.

జూన్ 19, బుధవారం

పొద్దుటికి అన్నీ అతికాయి. మ్యాట్నీకి భద్రమ్మ గారిని మళ్లీ కూర్చోబెట్టాం. కోడలు దీపం ముందు కూర్చున్నది. మగ్గం మొదలైంది. ఒక్కడు నవ్వితే ఒట్టు! ఆవిడ కొడుకు చెయ్యి పట్టుకున్నది వదల్లేదు. చివర్లో డాక్టరు వచ్చి అంతా విడమరచి చెప్పాడు. ఆవిడ హాయిగా చెయ్యి వదిలి, సంచీ సర్దుకుని, చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టింది.

“డాక్టరు చెప్పేశాక ఇంకేం భయంరా? అమ్మయ్య అనిపించింది.”

సాంబమూర్తి వంగి వాళ్లమ్మ చెప్పులు వెతికి ఇచ్చాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

“కత్తెర ఎక్కడరా?”

“ఇవ్వను! ఒట్టు పెట్టుకున్నాను.”

“నా బొమ్మరా!”

“నా ఒట్టురా!”

ఇచ్చాను.

ఫస్ట్ షోకి డాక్టరు లేడు. కోడలు నిద్ర లేచి, వేళ్లకి చుట్టుకున్న దారప్పోగు ఒక్కొక్కటే విప్పుకుంటోంది. అంతే, బొమ్మ అయిపోయింది. లైట్లు వెలిగాయి. ఎవరూ లేవలేదు. ఓనరు గారు మాత్రం మెల్లగా నా చెవిలో అడిగారు.

“నేసేది ఆ అమ్మాయేనంటావా?”

ఫస్ట్ షో కూడా చూసి ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకున్న భద్రమ్మ గారు తెరేసమ్మ మంచం తన మంచం పక్కకి జరిపించుకున్నారు.

జూన్ 20, గురువారం

సాంబమూర్తి మద్రాసు మెయిల్‌కి వెళ్లాడు. రెండో బొమ్మకి కథ చెబుతూనే రైలెక్కాడు. ‘మగ్గం గది’ రెండో వారం ఖాయం!

రేపటి నుంచి మార్నింగ్ షోకి ఒక పాత పౌరాణికం. పద్యాలే పద్యాలు. ప్రతి పద్యానికీ బారెడు రాగం. అయినా సరే, ఒక్క పద్యం కాదు గదా, ఒక్క రాగం కూడా కొయ్యను. ఎవరు చెప్పినా వినను. భోజనాల దగ్గర తెరేసమ్మకి కూడా చెప్పాను.

“ఈ ఒట్టు ఎన్నాళ్లకండీ?”

“ఎల్లకాలానికీ!”

“అయితే శనివారానికి రొయ్యలు తెప్పించనా, వద్దా?”