డామ్సన్ సంతతి చూసే దిక్కు

సెప్టెంబరు 8, 1924

నా అక్షరాలు కోడి గీకినట్టుంటాయి. తప్పులూ ఉంటాయి. నాలుగేళ్లే బడికి వెళ్లాను. ఇది ఎవరి చేతికైనా చిక్కితే మన్నించాలి.

మా ఆయన రూబెన్ ఆవుల నోటుబుక్కు నాకిచ్చాడు. మేం అమ్మిన పెయ్యలు, వాటి పిల్లలు పక్క ఊళ్లలో ఎలా ఉన్నాయో ఏడాదికోసారి చూసి రాయాలి. వెన్ను, పొదుగు, ఎన్ని ఈతలు, ఒంటి మీద తెల్ల మచ్చ ఉందా లేదా. మావి డెవన్ జాతి ఆవులు, ఒళ్లంతా ఎర్రగానే ఉండాలి. అత్తగారికి మోకాళ్లు పట్టేశాయి కనుక ఈ ఏడు నేను వెళ్లాలి. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు నోరు ఎండిపోతుంది.

సెప్టెంబరు 9

ఎవరికీ చెప్పుకోలేను కనుక రాస్తున్నాను. ఆ పెయ్యలన్నీ డామ్సన్ అనే ముసలి ఆవు సంతతి. డామ్సన్‌ను పుట్టింటి నుంచి తెచ్చుకున్నది థిర్జా, ఆయన మొదటి భార్య. తొమ్మిదేళ్ల కిందట ఇల్లు వదిలి బ్రిస్టల్ వెళ్లిపోయిందట. ఆయనే స్టేషన్‌లో దింపి వచ్చాడట. ఏడేళ్లు జాడ లేకపోతే చనిపోయినట్టే లెక్క అని మాకు పెళ్లి చేశారు. కానీ ఆవిడ బతికుంటే నేను భార్యను కాను. నాకిప్పుడు నాలుగో నెల. గుమ్మం ముందు బండి ఆగితే చాలు, ఆవిడేనేమో అని కడుపు పట్టుకుంటాను.

సెప్టెంబరు 16

లార్కూమ్ వాళ్ల పొలం. లార్కూమ్ భార్య నోరు పెద్దది. ఏమ్మా లెటీ, గాలేస్తే ఎగిరిపోయేలా ఉన్నావు, మీగడంతా మీ అత్తే తినేస్తోందా అని పలకరించింది. మీ ఆవులు మంచివే గానీ తిక్కవి తల్లీ, చర్చి గోపురం వైపు తప్ప ఇంకెటూ తిరగవు, మా ఫాదర్‌కి కూడా అంత భక్తి లేదు అని నవ్వింది.

వెళ్లి చూశాను. మా ఆవులు మూడూ ఒకే దిక్కు. వాన ముఖాన కొడుతున్నా తిరగలేదు. ఏ పశువైనా వానకు వీపు చూపిస్తుంది.

సెప్టెంబరు 23

ముసలి హనాఫర్డ్ దగ్గర రెండు. కొండ మీది ఎండిన ఓక్ చెట్టు వైపే చూస్తూ నిలబడ్డాయి. పుట్టింటి మీద బెంగ పిల్లా, నీకు లేదా ఏంటి అన్నాడు. నవ్వాను. దారిలో గుర్తొచ్చింది. ఆ రెండూ హనాఫర్డ్ కొట్టంలోనే పుట్టాయి. మా ఇల్లు ఎన్నడూ చూడలేదు.

అక్టోబరు 2

చగ్ వాళ్ల దగ్గరా అంతే.

అక్టోబరు 3

ఆయన సంతకు వెళ్లాక, గోడ మీది మ్యాప్‌లో మూడు పొలాల దగ్గర మూడు గుండుసూదులు గుచ్చాను. ఒక్కో పొలం ఆవులు ఎటు చూస్తున్నాయో అటు ఎర్ర ఊలు లాగాను. మూడూ మా ఇంటి దగ్గర కలుస్తాయనుకున్నాను. కలవలేదు. ఇంటికి మైలున్నర పైన, పేరు కూడా రాయని చోట కలిశాయి. మా పెరట్లో డామ్సన్ కూడా రోజూ అటే తిరిగి నిలబడుతుంది.

అక్కడేముందని అత్తగారిని అడిగాను. ఊబి, అంది. అటు పశువుల్నే తోలం, కడుపుతో ఉన్నదానివి నీకెందుకే అంది.

అక్టోబరు 6, మధ్యాహ్నం

డామ్సన్‌ను తాడు పట్టుకుని తీసుకెళ్లాను. నిజానికి అదే నన్ను తీసుకెళ్లింది. ఊబి అంచున తుంగలో ఆగి మోకాళ్లు వంచి నల్లమట్టిని నాకడం మొదలుపెట్టింది. అప్పుడే పుట్టిన దూడను నాకినట్టు, ఓపిగ్గా, గొంతులో సన్నగా మూలుగుతూ. మట్టి పోయేకొద్దీ ఏదో బయటపడింది. బూటు మడమ. ఆడవాళ్ల బూటు. లాగలేదు. లాగితే బూటు ఒక్కటే రాదని తెలిసింది.

సిగ్గు విడిచి రాస్తున్నాను. మొదట నాకు కలిగింది సంతోషం. ఆవిడ ఇక రాదు. నేను భార్యనే. బిడ్డకు ఇంటిపేరు ఉంటుంది.

సగం దూరం వచ్చాక గానీ రెండో ఆలోచన రాలేదు. స్టేషన్‌లో దింపి వచ్చానన్నది ఆయన కదా.

అక్టోబరు 7

ఊలు తీయడం మరిచిపోయాను. పొద్దున ఆయన మ్యాప్ ముందు నిలబడి ఉన్నాడు. కోప్పడలేదు. సూదులు ఒక్కొక్కటే పీకి నా కుట్టుపెట్టెలో పెట్టాడు. ఊలును ఉండలా చుట్టి నా చేతిలో పెట్టాడు. ఇక తిరగకు లెటీ, ఒట్టి మనిషివి కావు అన్నాడు. థిర్జా కూడా ఇలాగే, అన్నీ తనే వెళ్లి చూడాలనేది అన్నాడు. డామ్సన్ ముసలిదైపోయింది, శనివారం కసాయికి ఇచ్చేద్దాం, సరేనా అని అడిగాడు. నన్ను ఎన్నడూ ఏదీ అడగని మనిషి.

సరే అన్నాను.

అక్టోబరు 11

డామ్సన్ వెళ్లింది.

నవంబరు 20

నోటుబుక్కులో దిక్కుల మాట ఉన్న పేజీలు చింపేశాను. వెన్నులు, పొదుగులు ఉంచాను.

ఈ ఉదయం డామ్సన్ మనవరాలు ఈనింది. పెయ్యదూడ. మచ్చ లేదు. కాళ్లు నిలదొక్కుకోగానే పొదుగు వెతుక్కోలేదు. తల తిప్పింది. ఊబి వైపు కాదు, నా వైపు. కొట్టంలో ఆ మూల నుంచి ఈ మూలకు నడిచాను. తల నాతోనే తిరిగింది. థిర్జా ఎక్కడుందో ఇప్పుడు దాస్తున్నది నేనే కదా.

ఇంతవరకు చదివినవాళ్లు దీన్ని పొయ్యిలో పడేయండి. నా బిడ్డ ఆ ఇంటిపేరుతోనే బతకాలి.