రాణులు యాడికీ పోరు

చిత్తూరు, బుధవారం, మే 1996

కొత్త నవల, బాగుంటుందని పోయిన వారం నేనే సరోజమ్మ కోడలు పద్మ చేతిలో పెట్టాను. అందులో భార్య ఉద్యోగం వెతుక్కుని వేరే ఊరికి వెళ్ళిపోతుంది. ఇవాళ సరోజమ్మే స్వయంగా తెచ్చి దాన్ని మా షాపు బల్ల మీద విసిరినంత పని చేసింది.

"ఇట్లాంటివి ఇచ్చి మా పిల్ల బుర్ర సెడగొడతావా? నేనూ ఉద్యోగానికి పోతానని రెండు దినాలుగా ఒకటే పోరు పెడతా ఉండాది!"

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మా మామగారు నా వైపైనా చూడకుండా తీర్పు చెప్పేశారు. "ఇంక ఆడోళ్లకు రాజుల కాలం నవలలే ఇయ్యమ్మా. రాణులు యాడికీ పోరు."

అద్దె పుస్తకాల షాపు పెట్టి ఇన్నేళ్లయినా ఆయన ఒక్క నవలా చదివిన మనిషి కాదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సరేనని పై అరలోంచి ఒక చారిత్రక నవల తీసి, "కోటలూ యుద్ధాలూ, చాలా బాగుంటుంది, పద్మకివ్వండి" అన్నాను. అందులో రాణి గుర్రమెక్కి కోట దాటి వెళ్ళిపోతుంది. పద్మ ఈపాటికి అక్కడిదాకా వచ్చి ఉంటుందా?

నాకు షాపు మూశాక దాటడానికి ఉన్నది ఒక్క గడప. వెనక తలుపు తీస్తే మా వంటిల్లే.

ఆ రాణిని చివర్లో పట్టి తెచ్చి మళ్ళీ అదే మహల్లో పెడతారు. ఆ పేజీలు చింపేసి ఇవ్వాల్సింది.