పక్కింటి నార్మన్ల దండయాత్ర

ఏమండీ,

మీరు పోయాక బ్రాంప్టన్‌లో ఇదే మొదటి మంచు. కలలోలా, చప్పుడు లేకుండా కురుస్తోంది. పక్కింటి నార్మన్ గారు పార పట్టుకుని మన వాకిట్లోకి వచ్చేసరికి, "నార్మన్లు సరిహద్దు దాటారే, తలుపెయ్యి!" అని మీ గొంతే వినిపించింది. కాలేజీలో చరిత్ర పాఠాల్లో బైజాంటైన్ సామ్రాజ్యం మీద నార్మన్ల యుద్ధాలు చెప్పీ చెప్పీ, పాపం ఆ పెద్దాయన పేరుతో ఎంత ఆడుకున్నారండీ! మంచులో మన ఇల్లు మీరు చెప్పిన ఆ సముద్రపుటొడ్డు కోటలా తేలుతోంది. దాన్ని నార్మన్లు పోరాడి గెలవలేదని, లోపలి మనిషే తలుపు తీశాడని కదూ మీ వాదన?

నార్మన్ గారు మీరు కారు పెట్టే చోట కూడా మంచు ఎత్తి శుభ్రం చేసి, మెట్ల దగ్గర టోపీ తీసి నిలబడ్డారు.

లోపలి మనిషిని ఇప్పుడు నేనొక్కదాన్నే. తలుపు తీశాను.