కింది వెల్డరుతో కుదిరిన బేరం

అమ్మాయీ,

నేను బయటికెళ్తున్నా, మధ్యాహ్నం దాకా రాను. హాల్లో గొంతు గింగురుమంటోందన్నావుగా, ఇవాళ్టి పాఠం వీడియో నా గదిలో తీసుకో. గోడలకి దుప్పట్లు వేలాడదీశాను. కిటికీ తెరవకు. కింది వెల్డరుని అడిగితే, "పాఠం అయ్యేదాకా మిషన్ ముట్టుకోను, మరి మా పాపకి భిన్నాలు మీ కోడలుగారే నేర్పాలి" అన్నాడు. మాటిచ్చేశాను. ఇక నీ తిప్పలు నువ్వు పడు.

మొన్న నా కుర్చీ కెమెరాలో పడుతోందని, నేను కూర్చుని ఉండగానే పక్కకి లాగేశావు. నేనేమీ అనలేదు. ఇప్పుడూ అనడం లేదు.

— మావయ్య

అన్నట్టు, నిన్న తీసిన వీడియో చూశాను. నేను దగ్గితే లెక్క మధ్యలో ఆపేసి, "మావయ్యా, మంచినీళ్ళు తాగారా?" అన్నావు. ఆ ముక్క మాత్రం కత్తిరించకు.