తాళంచెవి లేని మేనేజరు

ఏవండీ,

ఇది మీకు చేరదని తెలుసు. అయినా మీ సంవత్సరీకం నాడు ఈ సంగతి ఇంకెవరికి చెప్పుకోను?

అమలాపురం బట్టలకొట్లో చీరలు మడతపెట్టే నన్ను మొన్న సేఫ్టీ మేనేజర్ని చేశారు. మెడలో కార్డు వేసి చప్పట్లు కొట్టించారు. పని మాత్రం ఆ మడతలే. అంతకుముందు రోజే తనిఖీకి వచ్చినాయన, మేడమీద వెనకతలుపుకి తాళం ఎందుకని, ఏదైనా జరిగితే ఎవరిది బాధ్యతని గట్టిగా అడిగి వెళ్లాడు.

ఆ తాళంచెవి నాకిమ్మని యజమానిని అడిగాను.

"దొంగల భయమండీ మేనేజరుగారూ, అది నా దగ్గరే ఉంటాదండీ" అని నవ్వారు. మొన్నటిదాకా నన్ను "ఏమ్మాయ్" అనేవారు.

గల్ఫులో ట్యాంకులు కడిగే మిమ్మల్నీ సేఫ్టీ ఆఫీసరన్నారు. ఫోన్లో ఎంత నవ్వుకున్నామో! ట్యాంకులో గ్యాసు కమ్మి మీరు పోయాక, "జాగ్రత్తలు చూడాల్సింది ఆయనే కదా" అన్నారు కంపెనీవాళ్లు.

ఇవాళ పెళ్లిళ్ల రద్దీ. మేడ నిండా జనం ఉండగా కరెంటు పోయింది. వెనకతలుపుకి తాళం అలాగే ఉంది, దిగడానికి ముందువైపు ఒక్కటే మెట్లదారి. చీకట్లో ఒకావిడ ఏడుస్తున్న కూతురికి చెబుతోంది:

"భయం లేదమ్మా, సేఫ్టీ మేనేజరుగారు ఇక్కడే ఉన్నారుగా!"