పిడి లోపలి తుప్పు

అల్ హిలాల్, దోహా

నాయనా, నేను బాగుండా. ఫోన్లో చెప్పేకి నోరు రాక కార్డు రాస్తాండా.

ఫుట్‌బాల్ పోటీలకు చుట్టాలొస్తారని మా సేటు తన పాత జపాన్ కత్తులు బయటికి తీయించినాడు. ఆయుధపూజ గదా అని ఒకదాని పిడి ఊడదీసి, లోపలి తుప్పంతా చింతపండు, ఉప్పుకాగితంతో తోమి బొట్టు పెట్టినా. ఆ తుప్పును చూసే కత్తి వయసు చెప్తారంట. అక్కడ చెక్కిన, ఆ కత్తి చేసిన కమ్మరి పేరు కూడా అరిగిపోయింది. ఎవరు నేర్పినారని సేటు అడిగితే, మా నాయన కమ్మరి, ఆయనే నేర్పినాడని చెప్పినా. నువ్వేమో పిడి లోపలి ఇనుము జోలికే పోవద్దనేవాడివి.

అమ్మ మోకాళ్ళ నూనె అందిందా? కొలిమి తిత్తికి తోలు దొరికిందా?

ఈ కార్డు నీ చేతికొచ్చిందంటే, సేటుకు నిజం చెప్పినాకే పోస్టు డబ్బాలో వేసినానని అనుకో.

నీ కాళ్ళకు మొక్కే
మౌనాచారి